మాఫ్ చెయ్యని పాలు

పుట్టినప్పటి నుంచీ నా పైపెదవి చీలే ఉండేది. ముక్కు కింద మొదలై నోటిదాకా ఒక సందు. గ్రహణం మొర్రి అంటారు. పెనుకొండలో ఇంకో ఇద్దరు మాబున్నీలు ఉండేవాళ్లు కాబట్టి, గుర్తు కోసం నన్ను మొర్రి మాబున్నీ అనేవాళ్లు. కోపం వచ్చేది కాదని అబద్ధం చెప్పను. బాగా వచ్చేది. కానీ గాజులమ్ముకునే మనిషికి కోపం పనికిరాదు. భుజాన గాజుల మలారం వేసుకుని వీధి వీధీ తిరిగేదాన్ని. ఎంత బిరుసు చేతికైనా గాజు చిట్లకుండా ఎక్కించేదాన్ని. ఒక్క శ్రీమంతాలకు మాత్రం నన్ను ఎవరూ పిలిచేవాళ్లు కాదు. కడుపుతో ఉన్న పిల్ల నా మొహం చూస్తే పుట్టే బిడ్డకూ మొర్రి వస్తుందని వాళ్ల భయం.

ఎనభై రెండు ఎండాకాలంలో మైకు కట్టిన రిక్షా ఒకటి మా బజారులోకి వచ్చింది. హిందూపురంలో బెంగళూరు డాక్టర్లు క్యాంపు పెడుతున్నారట, చీలిన పెదవులు ఉచితంగా కుడతారట. రిక్షా ఇంకా సందు మలుపు కూడా తిరగలేదు, బజారు బజారంతా నా వైపు తిరిగింది.

మా ఆయన గౌస్‌సాబ్ దూది ఏకి పరుపులు కుడతాడు. మాట తక్కువ మనిషి.

"పోదామా?" అన్నాడు.

"పోదాం. మూతి బాగయితే శ్రీమంతాలకు పిలుస్తారు. యాపారం పెరుగుతాది," అన్నాను.

ఊరందరికీ అదే చెప్పాను. అసలు సంగతి అది కాదు. నాకు అందంగా కనబడాలని ఉంది. పెళ్లయి, కూతురు పుట్టి, ముప్పై దాటాక, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా ఒక్క ఫోటో దిగాలని ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

భయం కూడా అక్కడి నుంచే పుట్టింది. రోగం వచ్చి కోయించుకుంటే దేవుడు దయ తలుస్తాడు. సోకు కోసం కోయించుకునేదాన్ని ఎందుకు కాపాడాలి? మత్తు సూది వేస్తే కొందరు మళ్లీ లేవనే లేవరని ఎవరో ఒకరు రోజూ చెప్పేవాళ్లు. చెప్పేవాళ్లకు అదొక సరదా. నాకు తిండి సహించేది కాదు. మా కూతురు హసీనాకు జడ వేస్తుంటే, రేపటి నుంచి ఈ జడ ఎవరు వేస్తారని విప్పి మళ్లీ వేసేదాన్ని. నేను పోయాక ఆడవాళ్లు ఏమంటారో కూడా చెవిలో వినబడేది: "మూతి కుట్టించుకోను పోయి సచ్చిపాయనంట." నా జనాజా లేపేటప్పుడు కూడా ఎవరో ఒకరు నవ్వాపుకుంటారు. చచ్చిపోవడం ఒక బాధ, నవ్వులపాలై చచ్చిపోవడం ఇంకో బాధ.

మా వాళ్లల్లో ఒక పద్ధతి ఉంది. హజ్‌కు పోయేవాళ్లూ, చావు దగ్గరపడినవాళ్లూ తెలిసినవాళ్ల ఇళ్లకు పోయి, అన్నదీ ఆడిందీ మాఫ్ చేయమని అడుగుతారు. వాళ్లు మాఫ్ చేశామంటే మనసు తేలికపడుతుంది. సరే, నేనూ ఆ పని మొదలుపెట్టాను. మొదట పక్కింటి అంజనమ్మ దగ్గరికి పోయాను. వసారాలో చేట ఒళ్లో పెట్టుకుని బియ్యం ఏరుతోంది.

"అక్కా, ఆపరేషన్‌కు పోతాండా. ఉంటానో పోతానో. నన్ను మాఫ్ చెయ్యి."

"నువ్వేం జేసినావే, మాఫ్ చేసేదానికి?"

"మీ కోడలు పుట్టింటికి పోయినప్పుడు, నువ్వే తరిమేసినావని వీధంతా చెప్పింది నేనే."

అంజనమ్మ చేట కింద పెట్టింది. "అది నువ్వా? పుట్టమ్మ అనుకోని దాంతో ఇన్నేండ్లుగా మాట్లాడకుండా ఉంటి గదే!"

ఆ తర్వాత ఆమె అన్నవి రాయడానికి వీల్లేని మాటలు. మాఫ్ మాత్రం చేయలేదు. ఆ సాయంత్రమే ఎదురింటి పుట్టమ్మతో కలిసిపోయింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని కలిసి నన్ను తిట్టారు.

ఇంటికొచ్చి ఏడుస్తూ చెబితే గౌస్‌సాబ్ ఒంటి మీద దూది దులుపుకుంటూ విన్నాడు. "ఉత్తగా మాఫ్ అడుగుతే సాలదా? యివరాలు ఎవురు జెప్పమన్న్యారు నిన్ను?"

ఆ ముక్క పొద్దునే చెప్పాల్సింది. అప్పటికే ఇంకో రెండిళ్లలో కూడా వివరాలు చెప్పేసి వచ్చాను.

అన్ని మాఫీల్లోకీ తల్లిది పెద్దది. తాగిన పాలు తల్లి మాఫ్ చేయాలి. "నా పాలు మాఫ్ చేసినా" అని తల్లి నోటితో అంటేనే బిడ్డ ప్రాణం సుఖంగా పోతుందంటారు. మా అమ్మ ఖాదర్‌బీ ధర్మవరంలో మా అన్న ఇంట్లో ఉండేది. ప్యాసింజర్ బండెక్కి పోయాను. ఆ వీధిలో ఏ ఇంట్లో చూసినా మగ్గం చప్పుడే. అమ్మ రాట్నం ముందు కూర్చుని, పక్కింటి మగ్గం కోసం పట్టునూలు కండెలకు చుడుతోంది. అంతా చెప్పాను. రాట్నం ఆగలేదు.

"ఎల్లుండేనమ్మా ఆపరేషన్. నీ పాలు మాఫ్ చెయ్యి."

"చెయ్యను."

సరిగా వినలేదేమో అనుకున్నాను. "అమ్మా, మత్తు సూది యేస్తారు. లేస్తానో లేదో. పాలు మాఫ్ చెయ్యమంటాండా."

"నాకేమన్నా చెవుడా? చెయ్యనంటాండా గదా."

ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపమొచ్చింది. "కన్నతల్లివేనా నువ్వు? ఆ అంజనమ్మ మాఫ్ చెయ్యకపోతే దానికో కారణముంది. నీకేం జేసినా నేను? మాఫ్ గాకుండా పోతే ఆడ నా గతేం గావల్ల?"

"అందుకే పోవద్దు."

"ఆపరేషన్‌కు పోవద్దంటావా?"

"ఆపరేషన్‌కు పో. సావుకు పోవద్దంటాండా." దారం తెగింది. కొసలు రెండూ వెతికి పట్టుకుని ముడేసింది. నా మొహం మాత్రం చూడలేదు. "కుట్టించుకోని రా. అప్పుడు అడుగు, జూస్తాం."

వదిన అన్నం పెడితే ముట్టలేదు. సాయంత్రం బండికే వెనక్కొచ్చాను. దారి పొడవునా అమ్మను తిట్టుకుంటూనే ఉన్నాను. ఆమె చిన్నప్పటి నుంచీ ఇంతే, రాతి మనిషి, ఒక్క మంచి మాట కూడా నోట్లోంచి ఊడిపడదు. పెనుకొండలో దిగాక గాని గుర్తు రాలేదు, బండెక్కిన దగ్గర్నుంచి చావు గురించి ఆలోచించనే లేదని. కోపం దానికి చోటివ్వలేదు.

హిందూపురం ఆసుపత్రిలో అడుగు పెట్టగానే భయం మళ్లీ వచ్చి కూర్చుంది. వరండా నిండా నాలాంటి మూతులే. చాలామంది చిన్నపిల్లలు. వాళ్లకు చావంటే తెలియదు, బిస్కెట్లు కావాలని ఏడుస్తున్నారు. నర్సు వచ్చి గాజులు తీసేయమంది. నా చేతులకు నేనే వేసుకున్న గాజులు. ఒక్కొక్కటే తీసి గౌస్‌సాబ్ తుండుగుడ్డలో పోశాను. ఊళ్లో ఆడవాళ్లందరికీ చేతుల నిండా గాజులు తొడిగినదాన్ని, నా బోసి చేతులు నేను చూడలేకపోయాను. శవానికి ఉంటాయి అలాంటి చేతులు.

లేచి గేటు దాకా వచ్చేశాను. గౌస్‌సాబ్ వెనకే వచ్చాడు.

"యాడికి?"

"ఇంటికి. నాకొద్దయ్యా ఈ సోకు. ఈ మూతితోనే బతుకుతా. బతికుంటే సాలు."

అతను బతిమాలలేదు. తుండుగుడ్డ మూట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మీయమ్మ పాలు మాఫ్ జేసిందా?"

"లేదని చెప్తి గదా!"

"మరింకేంటికి భయం? ఆయమ్మ మాఫ్ జెయ్యందే నువ్వు యాడికి పోతావు?"

అతని మొహం చూశాను. ఎగతాళి లేదు. మొన్నటి నుంచీ ఎవరిని రాతి మనిషని తిట్టుకుంటున్నానో అప్పుడు తట్టింది నాకు. అమ్మ నన్ను పోనిచ్చే ఒక్క మాట తన దగ్గర పట్టుకుని కూర్చుంది. అడిగితే ఇవ్వలేదు. ఏడిస్తే ఇవ్వలేదు. అలాంటిదాన్ని దాటి నేను ఎక్కడికి పోతాను? వెనక్కి తిరిగి లోపలికి నడిచాను.

బల్ల మీద పడుకున్నాక బెంగళూరు డాక్టరమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి, "హెదర్‌బేడమ్మా," అంది. భయపడొద్దని.

"నేను సావను మేడమ్. మా అమ్మ ఇంకా మాఫ్ చెయ్యలేదు," అన్నాను.

ఆమెకు ఏమర్థమయిందో, నవ్వి తలూపింది. సూది గుచ్చారు. పైన దీపం పెద్దదయింది.

మొదట చెవిలో పడింది ఏదో పిల్ల గుక్కపట్టిన ఏడుపు. ఆ తర్వాత ఫినాయిల్ వాసన. స్వర్గంలో ఫినాయిల్ వాడరని నాకు గట్టి నమ్మకం. కళ్లు తెరిచాను. పైన ఫ్యాను తిరుగుతోంది, దానికి బూజు వేలాడుతోంది. అంత అందమైన బూజు నేను ఎప్పుడూ చూడలేదు. బతికాను! పెదవి ఉబ్బి, కుట్లతో మంట మండుతోంది. మండనీ, చచ్చినవాళ్లకు మంట ఉండదు. నా పెళ్లిరోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

పక్కన స్టూలు మీద అమ్మ కూర్చుని ఉంది.

తెల్లారి బండికే వచ్చిందట. వెనక వరండాలో గోడచాటున కూర్చుందట, కనబడితే నేను మళ్లీ మాఫ్ అడుగుతానని. నన్ను బల్ల మీద నుంచి దించేదాకా నీళ్లు కూడా ముట్టలేదని గౌస్‌సాబ్ చెప్పాడు. అమ్మ నా చేతులకు గాజులు ఒక్కొక్కటే తిరిగి ఎక్కించింది. ఆమెకు చేతకాదు, రెండు చిట్లాయి.

నోరు కదిలించొద్దని, మాట్లాడొద్దని, పాలూ గంజీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టమని డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రం నర్సు పట్టబోతే అమ్మ చెంచా లాక్కుంది. నా తల మోచేతి మీద ఆనించుకుని, చెంచా అంచు నోటి మూలకు తగిలీ తగలకుండా వంచింది. ఒక్క చుక్క. ఆగింది. నా గొంతు వైపు చూసింది. మింగాక ఇంకో చుక్క. కుట్టుకు తడి కూడా తగలలేదు. నర్సు నిలబడి చూసి, ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగింది.

"ఇదేమన్నా నా రొమ్ము పట్టి తాగిందనుకుంటివా?" అంది అమ్మ, కళ్లు నా గొంతు మీదే ఉంచి. "పెదిమలు ఆనల్యా దీనికి. దూదితో వత్తి జేసి, పాలల్ల ముంచి, ఒక్కో సుక్క నోట్లో పిండేదాన్ని. సుక్క ఎక్కువైతే పొలమారి ఊపిరి ఆగిపోయేది, మొగం నల్లబడేది. ఇదిప్పుడు నాలుగు దినాలు భయపడి ఊరంతా తిరిగింది. దీనికి పండ్లొచ్చిందాంకా నేను పూటపూటకూ భయపడితి. ఎవరితో జెప్పుకుంటి?"

నాకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. కళ్ల నీళ్లు చెవుల్లోకి కారాయి.

అమ్మ కొంగుతో తుడిచింది. మళ్లీ చెంచా ముంచింది.

"ఊఁ, తాగు. ఇవి గూడా మాఫ్ జెయ్యను."