ఆకుపచ్చ రంగేసిన డీజిల్ ఇంజిన్

నేను ఒక సగానికి కోసిన డీజిల్ ఇంజిన్ని. నా కడుపులో ఏముందో దారిన పోయేవాడికైనా కనబడాలని కోశారు. చూసేవాళ్ళ బుర్రలో ఏముందో చూపించే రంపం మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టినా మా శిక్షణ కేంద్రంలో దానికి పెద్దగా పని దొరకదు.

పుట్టినప్పుడు నేను నిండు ఇంజిన్నే. కోయంబత్తూరు వైపు పోత పోశారు. అనంతపురం జిల్లాలో లాలెప్ప అనే ఆయన జీపులో పడ్డాను. వేరుశనగ మూటలు, పెళ్ళివాళ్ళు, మేకలు, ఏది ఎక్కించినా గుట్టలెక్కాను. లాలెప్ప మొరటు మనిషి. నన్ను తిట్టేవాడు, కోపమొస్తే కాలితో తన్నేవాడు. కానీ నేను ఆగిపోయానంటే రోడ్డు పక్కనే గోనెపట్టా పరిచి, బోల్టు బోల్టూ విప్పి, తుడిచి, తిరిగి బిగించేవాడు. మనిషి చెయ్యి అంటే ఏమిటో నాకు తెలిసింది అప్పుడే.

జీపు మూలపడ్డాక నన్ను శిక్షణ కేంద్రం వాళ్ళు కొన్నారు. ఈ చుట్టుపక్కల పిల్లలకు పనులు దొరకాలంటే యంత్రం లోపల ఎలా ఉంటుందో తెలియాలన్నారు. మంచి మాటే. కోశారు. పిస్టన్‌కు ఎరుపు, సిలిండర్‌కు పసుపు, వాల్వులకు నీలం రంగులు పూసి ఇనుప బల్ల మీద కూర్చోబెట్టారు. నన్ను తిప్పడానికి ఒక పిడి కూడా ఇచ్చారు. అది ప్రిన్సిపాల్ విశ్వనాథరెడ్డి బీరువాలో భద్రంగా ఉంది. బయట పెడితే పిల్లలు తిప్పుతారని ఆయన భయం!

పాఠం చెప్పేది తిప్పేస్వామి సారు. నాకు బారెడు దూరంలో నిలబడి బెత్తంతో చూపించేవాడు. "ఎర్రది?" అనేవాడు. "పిస్టన్ సార్!" అని తరగతంతా అరిచేది. "నీలంది?" "వాల్వు సార్!" పరీక్షలోనూ అదే బెత్తం, అవే రంగులు. అందరూ పాసయ్యేవాళ్ళు. పాసై ఫోన్ల కవర్లు అమ్ముకునేవాళ్ళు, లేదా బెంగళూరు వెళ్ళి ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరో నిలబడేవాళ్ళు. ఆయుధపూజ నాడు మాత్రం నాకు పసుపూ కుంకుమా పెట్టి, నెత్తిన నిమ్మకాయ కోసి, దండ వేసి హారతి ఇచ్చేవాళ్ళు. ఏడాదికోసారి మొక్కుతారు, ఏడాది పొడవునా ముట్టుకోరు. ఈ మనుషుల భక్తి చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అలా ఉండగా మా ఊరి దారిలో కరెంటు స్కూటర్ల ఫ్యాక్టరీ వచ్చింది. దాంతోపాటు మా తరగతికి హొన్నూరమ్మ వచ్చింది. అంతకుముందు ఆమె బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే. స్కూటర్ల ఫ్యాక్టరీలో మంచి ఉద్యోగం దొరుకుతుందని మా శిక్షణ కేంద్రం వాళ్ళు ఊరూరా మైకులో చెబితే నమ్మి, ఆ పని మానేసి వచ్చింది. ఆమె మిషను మీద మర్నాడే ఇంకొకర్ని కూర్చోబెట్టారు. వెనక్కి వెళ్ళే దారి లేదు. ఇది తెలిసి కూడా తిప్పేస్వామి ఆమెకు రంగులే నేర్పాడు.

మొదటి వారంలోనే ఆమె లేచి నిలబడింది. "సార్, ఒక్క బోల్టు విప్పి చూస్తా సార్."

"ఎందుకుమే? విప్పితే మళ్ళా బిగించేదెవురు?" అన్నాడు తిప్పేస్వామి.

తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాటలో ఆయన భయం నాకు వినబడింది. ఆయనకూ బిగించడం రాదు. ఆయన గురువు కూడా ఆయనకు బెత్తమే ఇచ్చి ఉంటాడు.

ఫ్యాక్టరీ నుంచి ఒక మేడమ్ పిల్లల్ని ఎంపిక చేయడానికి వస్తుందని కబురొచ్చింది. విశ్వనాథరెడ్డి గేటుకు ఎలక్ట్రిక్ వాహనాల శిక్షణ కేంద్రమని కొత్త బోర్డు కట్టించాడు. లోపల ఎలక్ట్రిక్ అనదగ్గది ట్యూబులైటు ఒక్కటే. కరెంటు బండ్లకు ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉంటుందని ఆయన ఎక్కడో విన్నాడు. ఆయనకు అంత జ్ఞానం చాలు. పెయింటర్ని పిలిచి నాకు తల నుంచి అడుగు దాకా ఆకుపచ్చ రంగు కొట్టించాడు. పిస్టనూ ఆకుపచ్చే, వాల్వూ ఆకుపచ్చే. సిగ్గుతో చచ్చిపోయాను.

మేడమ్ వచ్చింది. నా చుట్టూ ఒకసారి తిరిగింది. "ఇది డీజిల్ ఇంజిన్ కదండీ?" అంది.

"అవును మేడమ్, ఇప్పుడు ఎలక్ట్రిక్‌కి మార్చినాం," అన్నాడు విశ్వనాథరెడ్డి, చేతులు కట్టుకుని.

ఆమె కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. పిల్లల వైపు తిరిగి, పోనీ ఇందులోనే పిస్టన్ ఏదో చూపించమంది. ఒక్కరూ కదల్లేదు. ఒక కుర్రాడు ధైర్యం చేసి, "పిస్టన్ ఎర్రగా ఉంటాది మేడమ్, ఇందులో లేదు," అన్నాడు. తిప్పేస్వామి బెత్తాన్ని వీపు వెనక దాచుకున్నాడు.

హొన్నూరమ్మ ముందుకొచ్చింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి, గొంతు మాత్రం గట్టిగా ఉంది. "మాకు రంగులే తెలుసు మేడమ్. ఒక్కనాడు గూడా చెయ్యి పెట్టనియ్యలేదు. ఉన్న పని ఇడిసిపెట్టి వచ్చినా నేను."

"స్కూటర్ సంగతి మేం నేర్పుకుంటాం," అంది మేడమ్. "విప్పి బిగించే చెయ్యి మాత్రం మీరే తెచ్చుకోవాలి. దసరా తరవాత మళ్ళీ వస్తాను. అప్పటికి నీ చెయ్యి తిరిగితే నా ముందుకు రా."

ఆమె కారు గేటు దాటగానే విశ్వనాథరెడ్డి నేరం ఎవరిదో తేల్చేశాడు. నాది. ఈ పాత దరిద్రం వల్లే పరువు పోయిందంటూ నన్ను షెడ్డు వెనక తుక్కులో పడేయించాడు. విరిగిన కుర్చీలు, తుప్పు రేకుల మధ్య పడ్డాను. తుక్కుకు కాపలా లేదు. తాళం లేదు. ముట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మర్నాడు హొన్నూరమ్మ బస్టాండు దగ్గరి పంక్చర్ల షాపులో పానాలు అడిగి తెచ్చుకుని వచ్చింది. నా తల మీది బోల్టుకు పానా తగిలించి లాగింది. రాలేదు. కిరసనాయిలు పోసి, నానబెట్టి, మళ్ళీ లాగింది. ఊడింది. ఎన్నేళ్ళకు! నాకు లాలెప్ప గుర్తొచ్చి గుండె నిండిపోయింది. గుండె ఉంటే.

బిగించడం ఆమెకు వెంటనే రాలేదు. వాషర్లు పోగొట్టుకుంది. మర వంకరగా ఎక్కించి పాడు చేసింది. ఒక పక్కే బిగిస్తే రెండో పక్క లేస్తుందని వేళ్ళు నలిగాక తెలుసుకుంది. ఇంటికి రోజూ గ్రీజు చేతులతోనే వెళ్ళేది. తిప్పేస్వామి ఒకసారి కిటికీలోంచి చూసి, "ఏమ్మే, అదంతా ఊడబీకినావే!" అన్నాడు.

"బిగించేదెవురని అడిగినారు గదా సార్. నేనే," అంది ఆమె, తల ఎత్తకుండా.

దసరా తరవాత మేడమ్ వచ్చింది. స్కూటరు మోటారును బల్ల మీద పెట్టింది. హొన్నూరమ్మ ఆ మోటారును అంతకుముందు చూడలేదు. విప్పింది, వాషర్లు వరసగా పేర్చింది, బిగించింది. ఉద్యోగం వచ్చింది.

ఇక చూడాలి మా వాళ్ళ ఉత్సాహం. గేటుకు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద విశ్వనాథరెడ్డి నిలువెత్తున, తిప్పేస్వామి అందులో సగం, ఏ మూలో బొట్టుబిళ్ళంత హొన్నూరమ్మ. నన్ను తుక్కులోంచి మోసుకొచ్చి, కడిగి, మళ్ళీ ఆకుపచ్చ రంగే కొట్టి, అద్దాల పెట్టెలో బిగించారు. హొన్నూరమ్మ పని నేర్చుకున్న ఇంజిన్ ఇదేనని ఒక బోర్డు. దాని కింద ఎర్రటి అక్షరాలతో 'తాకరాదు'. ఏం నేర్చుకున్నారో చూశారు కదా!

పెట్టె ఆవిష్కరణకు ఆమెనే పిలిచారు. ఫ్యాక్టరీ చొక్కాతో వచ్చింది. కొత్తగా చేరిన పిల్లలు బెంచీల మీద చేతులు కట్టుకుని కూర్చున్నారు. పళ్ళెంలో కత్తెర అందించారు. ఆమె బోర్డు చదివింది. కత్తెర పళ్ళెంలోనే ఉంచి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, అద్దం మూల స్క్రూ విప్పడం మొదలుపెట్టింది.

ఆవిష్కరణ అంటే ఇదే కాబోలని విశ్వనాథరెడ్డి చప్పట్లు కొట్టాడు. ఆయన్ని చూసి తిప్పేస్వామి కొట్టాడు. అద్దం పూర్తిగా ఊడి ఆమె చేతుల్లోకి వచ్చేదాకా ఇద్దరూ కొడుతూనే ఉన్నారు. ఆమె అద్దాన్ని గోడకు ఆనించి, బెంచీల వైపు తిరిగింది.

"రాండి," అంది. "చెయ్యి పెట్టండి."