నాలుగు గేర్ల బండి

మా నాన్న అప్పలకొండ స్టీల్ ప్లాంటు మెషిన్ షాపులో, లేత్ మీద ఇనుము చెక్కే టర్నరుగా చేసి రిటైరయ్యాడు. నాకు కారు నేర్పింది ఆయనే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. కొన్న వారానికే గేర్ రాడ్ మీది పాత ప్లాస్టిక్ గుండు పీకేసి, జాముల్ ఇండస్ట్రియల్ ఏరియాలో తెలిసినవాళ్ల లేత్ మీద స్టీలు గుండు చేసి తెచ్చి బిగించాడు. దాని మీద ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు, రివర్స్‌కి ఓ గుర్తు తన చేత్తో చెక్కాడు. “ఎనిమిది వందల సీసీ బండికి నాలుగే గేర్లమ్మా” అన్నాడు. నమ్మాను. కన్నతండ్రి చెప్తే నమ్మక, బండి పుస్తకం తిరగేస్తానా?

మేముండే సెక్టర్ 2 నుంచి నెహ్రూ నగర్‌లో మా ఆఫీసుకి నాలుగు గేర్లు చాలు. హైవే ఎక్కితేనే గోల. ఎనభై అందుకునేసరికి ఇంజన్ ఒకటే అరుపు, పక్కవాళ్లతో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి.

“అదేటి నాన్నా, అలా అరుస్తాది?”

“చిన్న ఇంజను గదమ్మా. ఎనభై మీద నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరగాల. రోజూ అలా తోల్తే ఎన్నాళ్లుంటాది? ఇది టౌన్‌షిప్‌కే పనికొస్తాది.”

మార్చిలో మా కంపెనీ నాకు ఫీల్డ్ ఆఫీసర్ పోస్టు ఇస్తానంది. సొంత కారులో రోజూ రాజనాంద్‌గావ్ నుంచి రాయపూర్ దాకా తిరగాలి. ఆరేళ్లుగా ఆ పోస్టు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాను. కానీ ఈ బండితో రోజుకి నూట యాభై కిలోమీటర్లా? వద్దని మెయిల్ రాశాను. రాస్తూ ఏడ్చాను. నాన్న పక్కనే కూర్చుని, “పోన్లేమ్మా, మన రాత” అని వీపు నిమిరాడు. ఆ పోస్టు నా స్నేహితురాలు అపర్ణకి వెళ్లింది.

నిన్న అపర్ణ తన బండి సర్వీసింగుకి ఇచ్చింది. మీటింగుకి ఇద్దరం నా కారులోనే రాయపూర్ వెళ్లాం. వచ్చేటప్పుడు నాకు తలనొప్పిగా ఉంటే తను స్టీరింగ్ పట్టుకుంది. దారిలో కుమ్హారీ ఊరు దాటాక ఎనభై అందింది. ఇంజన్ అరుపు లంకించుకుంది. అపర్ణ గేరు రాడ్ని కుడిపక్కకి లాగి పైకి తోసింది. ఆ మూల ఖాళీ అనుకుని నేనెప్పుడూ అటు తొయ్యలేదు. అరుపు ఆగిపోయింది. స్పీడు మాత్రం అదే ఎనభై. ఆ కారులో టైర్ల చప్పుడు మొదటిసారి విన్నాను.

“ఏం చేశావే?”

“ఫిఫ్త్ వేశాను యార్. నువ్వు వెయ్యవా?”

“దీనికి నాలుగే కదా!”

అపర్ణ పకపకా నవ్వింది. “అరే పాగల్, మా పాత బండీ ఇదే మోడల్. అయిదు!” నా మొహం చూసి నవ్వు ఆపేసింది. “అందుకేనా ఆ పోస్టు వద్దన్నావు?”

నా బుద్ధిని చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఇంటికొచ్చేసరికి నాన్న వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. చెప్పులైనా విప్పకుండా అడిగాను.

“మన కారుకి ఎన్ని గేర్లు నాన్నా?”

పేపరు దించాడు. “ఎవలు సెప్పినారు?”

ఛీ! అంటే మొదటినుంచీ తెలుసు.

“అప్పుడు కొత్తగా నేర్చుకున్నావు. అయిదోది ఉందంటే స్పీడెల్తావు. ఆ రోడ్డు మీద లారీలోళ్లు మనుషులు కారమ్మా. నాకు బయమేసింది.”

సరే, అది తండ్రి భయం. ఆ అబద్ధాన్ని మింగేయగలను.

“మరి మార్చిలో? నేనేడుస్తూ వద్దని రాస్తుంటే వీపు నిమిరావు గదా, అప్పుడు నీ నోరేటయింది?”

“సెప్తే ఒప్పేసుకుందువు గదే.”

కాస్తయినా తడుముకోలేదు. పక్క క్వార్టరు వాళ్లు వింటారన్న సిగ్గు కూడా పోయింది.

“ఇకనించి నువ్వేటి చెప్పినా, బయట ఇంకొకర్ని అడిగి చూసుకుంటాను నాన్నా.”

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాన్న లేత్ మీద చేసి, కొలిచి ఇచ్చిన ఇనప ముక్కని మళ్లీ కొలిచి చూసుకున్న మనిషి లేడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.