ఒంటి ప్యాంటుకు ఇంగ్లీషు

వెంకట్రాజం పొద్దున్నే షాపు తెరిచి మొట్టమొదట చేసే పని కొక్కేలకు వేలాడే ప్యాంట్లను లెక్కపెట్టడం. నిన్న సాయంత్రం ఇస్త్రీ చేసి తగిలించినవి మూడైతే ఇవాళ ఆరుండాలి. ఉండేవి కూడా. లెక్క సరిపోయాక మిషన్‌కు నూనె వేసి, అగరొత్తి వెలిగించి, పక్క హోటల్‌కు చాయ్ చెప్పేవాడు.

ఇది డెబ్భై ఒకటిలో మొదలైంది. కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ప్రభుదాసు సారు టెర్రీకాటన్ ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చాడు. వెంకట్రాజానికి ఏడో తరగతి దాకా చదివిన ఇంగ్లీషుంది, దాన్ని ఊరికే పోనివ్వడం ఇష్టంలేదు. గుడ్డకు గుచ్చే చీటీ మీద ‘వన్ ప్యాంట్’ అని రాశాడు. సారు జేబులోంచి పెన్ను తీసి దాన్ని కొట్టేసి, ‘ఎ పెయిర్ ఆఫ్ ట్రౌజర్స్’ అని రాశాడు.

“సార్, కుట్టిచ్చుకునేది ఒక్కటే గద. పెయిర్ అంటె జత గాదా?”

“జతే. ఇంగ్లీషులో ఒక్క ప్యాంటును కూడా జతే అంటారు. రెండు కాళ్లుంటాయి కదా.”

“మరి అంగికి రెండు చేతులు లెవ్వా? దాన్ని జత అనరేంది?”

సారు పెన్నుకు మూత పెట్టి జేబులో దోపుకున్నాడు. “అనరు” అన్నాడు. “అన్నిట్లో లాజిక్ అడగొద్దు, వెంకట్రాజం.”

అడగకుండా ఉండే మనిషి కాదు వెంకట్రాజం. అతని ఊళ్లో ఓ జత బట్టలంటే ఒక ప్యాంటూ ఒక అంగీ. కత్తెరను ఇంగ్లీషులో జత అనడం అతనికి అర్థమైంది, ఒక్క రేకు గుడ్డ కోయదు కాబట్టి. కళ్లజోడు సంగతీ సరే, జోడన్నది పేరులోనే ఉంది. కానీ ప్యాంటు? ఆలోచిస్తూనే కుట్టి, ఇస్త్రీ చేసి, ఆ చీటీతోనే తగిలించి వెళ్లాడు. తెల్లారి వచ్చేసరికి ప్యాంట్లు రెండున్నాయి. సారు వచ్చి రెండూ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇంగ్లీషు తప్పు రాశాడన్న మాట పడటం ఇష్టంలేక అప్పట్నుంచి ప్రతి చీటీ మీదా అలాగే రాసేవాడు. అన్నదమ్ములున్నవాళ్లు చెరొకటి తొడుక్కున్నారు, లేనివాళ్లు రెండోది పెళ్లిళ్లకు దాచుకున్నారు. రెండోదానికి ఇస్త్రీ మడత సరిగ్గా లేదని సణిగినవాళ్లు తప్ప ఈ సంగతి మీద ఎవరూ ఏమీ అనలేదు.

ఏడేళ్ల తర్వాత ఓ వానకాలం యాకమ్మ వచ్చి మిషన్ మీద ఖాకీ గుడ్డ పెట్టింది. ఆమె భర్త గట్టయ్య డోర్నకల్ రైల్వే యార్డులో షంటింగ్ పని చేస్తూ, నిరుడు రెండు రైలు డబ్బాల మధ్య పడి ఎడమకాలు పోగొట్టుకున్నాడు.

“అన్నా, జర ఇంటికొచ్చి కొలత దీసుకుంటవా? ఆయిన గడప దాటుతలేడు” అంది. “టేషన్ల గేటు కాడ స్టూలు మీద కూసోని టికెట్లు దీసుకునే పనిచ్చిండ్రు. ఒకటో తారీకు లోపట చేరకపోతె ఇంకొగలకిస్తరట. పది దినాలే ఉన్నది. పోనంటాండు.”

వెళ్లేసరికి గట్టయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. లేపి కూర్చోబెట్టడానికే అరగంట పట్టింది.

“ఊరంత దిగే గేటు, రాజమన్నా. టికెట్టు నా చేతుల పెట్టి, కండ్లు నా కాలు మీద పెడ్తరు. నా అసొంటోన్ని ఇంకొకన్ని సూపియ్యి, రేపే పోత. ఎవడున్నడు? నేనొక్కన్నే.”

వెంకట్రాజం నడుము కొలిచాడు, కుడికాలు కొలిచాడు. అలవాటైన చెయ్యి టేపుతో ఎడమవైపుకు వెళ్లి అక్కడ ఆగిపోయింది.

“రెండు కాళ్లు కుట్టి ఒకటి మడిచి పిన్నీసు పెట్టకు” అన్నాడు గట్టయ్య. “ఒక్కటే కుట్టు. లేనిదానికి గుడ్డెందుకు?”

అలాగే కుట్టాడు. చీటీ రాసేటప్పుడు మాత్రం పెన్ను కదల్లేదు. ఒంటికాలి ప్యాంటును జత అని ఏ మొహంతో రాయాలి? షాపు పక్కవాడికి అప్పజెప్పి ప్రభుదాసు సారు ఇంటికి నడిచాడు. సారు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, గ్రామరు పుస్తకం తిరగేశాడు.

“ఒక కాలున్నా ఎ పెయిర్ ఆఫ్ ట్రౌజర్సే” అన్నాడు. “ఇంగ్లీషులో ఒంటి ప్యాంటన్న మాటే లేదు.”

“గిది అన్యాయం, సార్.”

“కావచ్చు. భాష ఒప్పుకోదు.”

మనసొప్పకపోయినా అదే రాసి తగిలించాడు. మర్నాడు పొద్దున కొక్కేనికి రెండు ఖాకీ ప్యాంట్లున్నాయి. ఒకదానికి కుడికాలు, రెండోదానికి ఎడమకాలు. ఈ ఏడేళ్లలో రెండోది మొదటిదానికి తేడాగా రావడం ఇదే మొదటిసారి. వెంకట్రాజం ఆ రోజు చాయ్ చెప్పడం కూడా మరిచిపోయాడు.

తన షాపులో పుట్టిన రెండో ప్యాంటు ఎప్పుడూ మనిషి లేకుండా మిగల్లేదు. అంటే ఇది తొడుక్కునేవాడూ ఎక్కడో ఉండే ఉంటాడు. గట్టయ్యది ఇంటికి పంపి, ఎడమకాలిదాన్ని షాపు ముందర తగిలించాడు. వచ్చినవాళ్లనల్లా అడిగాడు. దవాఖానకు వెళ్లి కట్టెకాళ్లు చేసేవాళ్లనూ అడిగాడు. ఎవరిదని ఎవరైనా అడిగితే “వత్తాండు” అనేవాడు. యాకమ్మ రోజూ సాయంత్రం వచ్చి, ఆయన ప్యాంటు మడత కూడా విప్పలేదని చెప్పి వెళ్లేది.

ఇరవై తొమ్మిదో తారీకున పక్క చెప్పుల షాపులో గొడవైంది.

“ఒక్క చెప్పు అమ్మితె నీ సొమ్మేం బోతది?”

“రెండోది ఎవని నెత్తిన పెట్టాలె? జత జతే.”

వెంకట్రాజం బయటికొచ్చి చూశాడు. వెదురు చంకకర్ర మీద ఆనుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. లుంగీ కింద ఎడమకాలు ఒక్కటే ఉంది. స్టేషన్ ఘన్‌పూర్ అవతలి పల్లెలో రేడియోలు బాగుచేసే ఇమ్మానుయేలు అతను. కుడికాలు వడ్లమిషన్‌లో పోయి పదకొండేళ్లయింది.

“ఏటా ఒక జత కొంట” అన్నాడు. “ఇంట్ల పదకొండు కుడిచెప్పులున్నయ్. కొత్తయి గద, పారెయ్య మనసొప్పది. ఎవనికియ్యాలె?”

వెంకట్రాజం ప్యాంటు దింపి ఇచ్చాడు. “తమ్మీ, నీది ఎప్పుడో అయ్యింది. జర ఆలస్యంగొచ్చినవ్.”

తెర వెనక తొడుక్కుని చూస్తే అంగుళం తేడా లేదు. “నా కొలత నీకెవరిచ్చిండ్రు?”

“గట్టయ్య అని ఒకాయిన. రేపు పోదాం పా. ఆ చెప్పులన్ని పట్టుకరా.”

మర్నాడు ఇమ్మానుయేలు ఆ ఖాకీ ప్యాంటు తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని, వెంకట్రాజం వెంట గట్టయ్య ఇంటికి వచ్చాడు. మంచం పక్కన సంచి బోర్లించాడు. పదకొండు చెప్పులు, ఒక్కొక్కటీ ఒక్కో రకం, అన్నీ కుడివే. చప్పుడుకు గట్టయ్య గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. చెప్పులను చూశాడు, ఖాకీ ప్యాంటును చూశాడు, అది దిగి ఆగిన ఒక్క పాదాన్ని చూశాడు.

“సైజెంత?” అన్నాడు గట్టయ్య.

“ఎనిమిది.”

“యాకమ్మా, మంచం కింద పెట్టెల నా ఎడమచెప్పున్నది. తియ్యి.”

ఏడాదిగా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదతను. ఆమె తెచ్చి ఇస్తే కొంగుతో దుమ్ము తుడవమన్నాడు, తర్వాత తన చేత్తోనే ఇమ్మానుయేలు పాదం ముందు పెట్టాడు.

“తొడుగు. ఊకె పడున్నది” అన్నాడు. తర్వాత దిండు కింద నుంచి తన ప్యాంటు తీసి మడత విప్పాడు.

ఒకటో తారీకున గట్టయ్య గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. దిగినవాళ్లు అతను అనుకున్నట్టే కాలు చూశారు, చూసి వెళ్లిపోయారు. శనివారాల్లో ఇమ్మానుయేలు రేడియో సామాన్లకని ప్యాసింజర్లో వచ్చేవాడు. అతను టికెట్టు చాపితే గట్టయ్య దాన్ని చూడకుండా చేతిలో ఇరికించుకుని, ముందు వంగి అతని పాదం వైపూ తన పాదం వైపూ చూసేవాడు.

“అరిగినయ్‌రా” అనేవాడు. “పా, జత కొందాం.”