అటు కాపీ, ఇటు పేస్ట్

నేను ఒక చిన్న ప్రోగ్రామును. పట్టుకుంటే చేతికి తగలను, కిందపడితే చప్పుడు చేయను. నూకాలపేట రేవులో పడవలవాళ్లకు వాతావరణం కబుర్లు పంపే కేంద్రం ఒకటుంది. అక్కడి కంప్యూటరులో నా కాపురం.

ఆ కంప్యూటరు కడుపులో ఇంకో కంప్యూటరు ఉండేది. నిజమైనది కాదు, ఉన్నట్టు నటించేది. దానికి బొమ్మలు లేవు, బాణం గుర్తు లేదు. ఒక నల్ల కిటికీ, అందులో తెల్లటి అక్షరాలు, అంతే. ఏం కావాలన్నా ఆజ్ఞ టైపు చేసి అడగాలి. బయటి కంప్యూటరులో కాపీ చేసింది ఆ నల్ల కిటికీలో పేస్ట్ అయ్యేలా, లోపల కాపీ చేసింది బయట పేస్ట్ అయ్యేలా మోసుకుపోవడం నా ఉద్యోగం. ఒకసారికి ఒక్కటే మోయగలను. కొత్తది భుజాన పడగానే పాతది పారేస్తాను.

నన్ను పుట్టించింది కేంద్రం అధికారి చామర్తి కూర్మనాథం గారు. గాలి వేగం, అలల ఎత్తు తేల్చే లెక్కలు నల్ల కిటికీలోనే నడిచేవి. ఆ అంకెల్ని నిండైన తెలుగు వాక్యాల్లో పొదిగే ఏర్పాటు కూడా ఆయనే చేశారు. ఆ వాక్యాలంటే ఆయనకు కన్నబిడ్డలతో సమానం. ఫోన్లకు సందేశాలు పంపే కిటికీ మాత్రం బయట ఉండేది. నేను లేని రోజుల్లో ఆయన లోపలిది చూసి పైకి చదివేవారు, పక్క కుర్చీలో దానేశ్వరి విని టైపు చేసేది. ఒకరోజు ఆయన "ఎత్తైన అలలు వచ్చును" అని చదివితే "ఎత్తైన వలలు వచ్చును" అని వెళ్లింది. ఎవరో ఉచితంగా వలలు పంచుతున్నారనుకుని పేటంతా కేంద్రం ముందు వరుస కట్టింది. వాళ్లకు నచ్చజెప్పి పంపేసరికి కూర్మనాథం గారి గొంతు పోయింది. మాట పెగలని ఆ మధ్యాహ్నమే తలుపు వేసుకుని నన్ను రాశారు.

నల్ల కిటికీలో తెలుగు చూడాలంటే కళ్లు నొప్పెట్టేవి. ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట చెల్లాచెదురుగా పడి ఉండేవి. నేను మోసుకొచ్చి బయట దించగానే అన్నీ బుద్ధిగా తమ తమ అక్షరాల్ని అంటుకునేవి. అది చూసి ఆయన మురిసిపోయేవారు.

దానేశ్వరి ఆ పేట పిల్లే. డిగ్రీ చదివి ఈ ఉద్యోగం తెచ్చుకుంది, పడవ మీద వేటకెళ్లే కొర్లయ్యను పెళ్లాడింది. ఆమె చేతిలో నేను మోయనిది లేదు. గ్యాసు బండ నంబరు, జాకెట్టు కొలతలు, పెళ్లిపాటల సాహిత్యం. ఒకసారి కిరాణా సరుకుల వివరం పొరపాటున నల్ల కిటికీలో పేస్ట్ చేసింది. చింతపండు అనే ఆజ్ఞ తనకు తెలియదని, ఎండుమిర్చి అనే ఆజ్ఞ కూడా దొరకలేదని అది ఎంతో గంభీరంగా జవాబిచ్చింది.

పాపం, కూర్మనాథం గారి వాక్యాలను పడవలవాళ్లెవరూ చదివేవారు కారు. మబ్బు పట్టినా, ఎండ కాసినా రోజూ వచ్చే సందేశమాయె. ఫోను మోగితే "సారు బాగున్నారన్నమాట" అనుకుని జేబులో పెట్టేసుకునేవారు.

ఆ రోజు సాయంత్రం దానేశ్వరి చెల్లెలికి సీమంతం. పెందలాడే వస్తానని మాటిచ్చిన కొర్లయ్య, చేపలు బాగా పడుతున్నాయని పొద్దున్నే తమ్ముడితో కలిసి పడవెక్కేశాడు. దానేశ్వరి కేంద్రానికి వస్తూనే కుర్చీలో కూలబడి, తన ఫోను సందేశాలు కంప్యూటరు మీదే తెరిచి, మొగుడికి సందేశం కొట్టింది.

"ఏవయ్యా, ఎంతసేపూ ఆ సముద్రవేనా? ఇల్లొకటుందని గేపకముందా? పొద్దుండగా రాపోతే తలుపు గెడెట్టీసి మా అమ్మగారింటికి ఎల్లిపోతాను. తరవాత నీ ఇష్టం."

అతను చూడడేమోనని మరిది ఫోనుకు కూడా పంపుదామని దాన్ని కాపీ చేసింది. సరిగ్గా అప్పుడే నల్ల కిటికీలో హెచ్చరిక వచ్చింది. మామూలుది కాదు. గాలి దిక్కు మార్చుకుని ఒడ్డు వైపు దూసుకొస్తోంది. దానేశ్వరి గబగబా ఆ వాక్యాల్ని కాపీ చేసి, బయటికొచ్చి, పేస్ట్ చేసి, అందరికీ పంపే మీట నొక్కేసింది.

అయితే ఆ క్షణాన నేను స్పృహలో లేను. లోపలి కంప్యూటరు బిగుసుకుపోతే నేనూ దానితోపాటే బిగుసుకుపోయాను. లోపలిది బయటికి రాలేదు. బయట అంతకు ముందున్నదే ఉంది. నడిసముద్రంలో ఉన్న మగాళ్లందరికీ దానేశ్వరి తిట్టు చేరింది.

జరిగింది తెలిశాక ఆమె తన ఉద్యోగం పోయిందనే అనుకుంది. కూర్మనాథం గారు తెర మీద ఆ సందేశం చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. అంతలో గది కిటికీలోంచి ఒక తెరచాప కనిపించింది. దాని వెనక ఇంకొకటి. ఇంజను పడవలూ, నాటుపడవలూ పోటీలు పడి ఒడ్డుకొస్తున్నాయి. ఒక్కొక్కడూ తన పెళ్లామే కేంద్రానికెళ్లి ఫిర్యాదు చేసిందనుకున్నాడు. దిగినవాళ్లు దిగినట్టే వల కూడా దులపకుండా ఇళ్ల వైపు నడిచారు. తలుపులు బార్లా తెరిచి ఉండడం చూసి కొందరు మరింత భయపడ్డారట.

రానిది కొర్లయ్య పడవ ఒక్కటే. రాసింది ఎవరో గుర్తుపట్టినవాడు అతనొక్కడే మరి. రోజూ వినేదే కదా అని నవ్వుకుని ఇంకో వల వేశాడట.

ఆకాశం తూర్పున నల్లబడింది. దానేశ్వరి ఫోను చేస్తే కలవలేదు. సందేశం రాయబోతే తొందరలో అక్షరాలు తప్పుతున్నాయి. కూర్మనాథం గారు పక్కనుంచి మెల్లగా, "అమ్మా, అది తిరిగి మొదలుపెట్టు" అన్నారు. నన్ను లేపింది. నల్ల కిటికీలో చెదిరిన ఆ అక్షరాల్ని మళ్లీ కాపీ చేసింది. ఈసారి ఒక్క ఒత్తు జారకుండా మోశాను. ఆమె దాన్ని తన సొంత నంబరు నుంచి కొర్లయ్యకు పంపింది.

"తీరము వెంబడి తీవ్రమైన గాలులు వీచు ప్రమాదము గలదు. కావున తాము తక్షణమే తీరమునకు చేరుకొనవలసినదిగా సవినయముగా కోరడమైనది."

తరువాత ఆమె రేవులో ఇసుక మీద నిలబడింది. చీర కొంగు గాలికి నిలవడం లేదు. మొదటి వాన చినుకులతోపాటు ఆ పడవ వచ్చి ఒడ్డును గుద్దుకుంది. కొర్లయ్య నీళ్లలోకి దూకి పరుగెత్తుకుంటూ వచ్చి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఏటయిందే నీకు?"

"నాకేటవుద్ది? తిడితే రానోడివి, ఇప్పుడెలాగొచ్చేవు?"

"తిట్టినప్పుడు బాగానే ఉన్నావనుకున్నాను. తరవాత తాము అన్నావు, సవినయముగా అన్నావు. నీకేటో అయిపోయిందని వల కోసీసి వచ్చీసేను."

ఆ గాలివాన రేవులో కట్టిన పడవల్ని రెండింటిని తిరగేసింది గానీ మనుషులెవరికీ ఏమీ కాలేదు. సీమంతానికి అందరూ తడిబట్టలతోనే వెళ్లారు. కూర్మనాథం గారు దానేశ్వరిని సంజాయిషీ అడుగుదామనుకుని కాగితం ముందు పెట్టుకున్నారు. కొర్లయ్య సంగతి విన్నాక కలం మూసేసి, ఆ పడవను తెచ్చింది తన వాక్యమేనని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నారు. మిగతా పడవల్ని ఎవరు తెచ్చారని మాత్రం ఎవరూ ఆయన్ను అడగలేదు. పేటలోని ఆడవాళ్లు మర్నాటి నుంచి కేంద్రానికి వచ్చి, తమ మొగుళ్లకు కూడా ఒక మాట రాసి పెట్టమని దానేశ్వరిని బతిమాలడం మొదలుపెట్టారు.

కొన్నాళ్లకు కొత్త కంప్యూటరు వచ్చింది. అందులో ఒకచోట టిక్కు పెడితే చాలు, లోపలికీ బయటికీ కాపీలు వాటంతట అవే తిరుగుతాయి. నేనున్న కంప్యూటరును చిరిగిన వలల గదిలో పెట్టారు. నన్నెవరూ తొలగించలేదు. తొలగించాలంటే నేనొకదాన్ని ఉన్నానని ఎవరికైనా గుర్తుండాలి కదా.