ఇర్మా తెరవని పేజీ

వసంతంలో జరిగే సమీక్షలోగా వేర్లె చేయాల్సిన పనులు ఇవి: కాగితాల ఫైళ్ళలో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించాలి. తన వంతు ఇళ్ళన్నిటికీ ఒక్కో ట్యాబ్ చేర్చాలి. దాన్ని తెరవడం, రాయడం ఇంటివాళ్ళకు నేర్పాలి. వాటిలో ఒక ఇంట్లో ఉండే వానెస్‌కు నెలనెలా ఇచ్చే ఇంజెక్షన్ ఇవ్వాలి. అన్నిటికంటే కష్టమైనది, ట్యాబ్ వాడడానికి ఆ ఇంటావిడ ఇర్మాను ఒప్పించడం.

వేర్లె, గీల్ అనే ఊళ్ళో మానసిక ఆరోగ్య కేంద్రం నర్సు. ఇటుకబట్టీ కూలీల ఇంట మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్ల. అప్పజెప్పిన పని అరకొరగా వదిలితే ఆమెకు ముద్ద దిగదు.

ఆ ఊళ్ళో మనసు చెదిరినవాళ్ళను తమ ఇళ్ళలో పెట్టుకుని సాకే అలవాటు తాతల నాటిది. దానికో మర్యాద ఉంది. వచ్చిన మనిషికి జబ్బేమిటని ఇంటివాళ్ళు అడగరు. ఏం తింటాడు, దేనికి జడుస్తాడు, ఏ పని చేతనవును, అంతవరకే. డెబ్బై దాటిన ఇర్మా ఇంట్లో వానెస్ ఇరవయ్యేళ్ళకు పైగా ఉంటున్నాడు. ఆమె ఏనాడూ అడగలేదు.

ఇప్పుడా ట్యాబ్ తెరవగానే మొదటి వరుసలోనే జబ్బు పేరు, పాత గొడవల చిట్టా కనబడతాయి. రోజూ నింపాల్సిన గడులు వాటి కింద ఉంటాయి: నిద్ర, తిండి, మందులు. ఇర్మా ట్యాబ్‌ను రొట్టెల డబ్బా వెనక్కి తోసేసింది.

"నాకు మనిషిని అప్పజెప్పారు గానీ జబ్బును కాదు కదమ్మాయ్," అంది కాఫీ పోస్తూ. "ఇన్నాళ్ళూ తెలియకుండానే తిట్టాను, తెలియకుండానే కడుపుకి పెట్టాను. ఇప్పుడు తెలిస్తే తిట్టడానికి నోరు రాదు."

వేర్లె దాచకుండా చెప్పింది. గడులు ఖాళీగా ఉంటే, ఆ ఇంట్లో వానెస్‌ను చూసుకునే దిక్కు లేదని సమీక్షలో అనుకుంటారు. అసలే ఇర్మా భర్త పోయాడు, ఆమెకు మోకాళ్ళు సహకరించడం లేదు. వానెస్‌ను మరో ఇంటికి మార్చే మాట కేంద్రంలో నలుగుతూనే ఉంది. పై వరుసను కనబడకుండా చేయగలరా అని కంప్యూటర్ వాళ్ళను అడిగితే కుదరదన్నారు.

అంతవరకూ బంగాళదుంపల తొక్క తీస్తున్న వానెస్ చేతులు తుడుచుకుని, తన పేజీ తను చూసుకుంటే తప్పా అని అడిగాడు. తప్పు కాదు, చట్టం ఇచ్చిన హక్కేనంది వేర్లె.

"అయితే నేనే రాస్తా. నా జబ్బు నాకు తెలిసిందేగా, కొత్తగా జడుసుకునేదేముంది? ఇర్మా, నువ్వు కిటికీ వైపు తిరుగు."

"ఏం, నా మీద చాడీలు రాస్తావా?"

"రాస్తా. సూపులో ఉప్పెక్కువని కూడా రాస్తా."

ఇర్మా నవ్వుతూ కుర్చీ తిప్పుకుంది.

ఆనాటి నుంచి భోజనాలయ్యాక రోజూ అదే తంతు. ఇర్మా వీధిలోకి చూస్తూ చెప్పేది, వానెస్ టైపు చేసేవాడు. కేంద్రంలో కూర్చుని అవి చదువుతున్న వేర్లెకు ఓ వింత కనబడింది. నిద్ర గడిలో, తను బాగానే పడుకున్నాడట, ఇర్మాయే మోకాళ్ళ నొప్పితో మెసిలిందట. మందుల గడిలో, తనవి వేసుకున్నాడట, ఇర్మా రక్తపోటు మాత్ర మరిచిపోతే తనే గుర్తుచేశాడట. తిండి గడిలో, ఆమె సగమే తిందట, మళ్ళీ వడ్డించాడట. ఆమె చెప్పినవి కొన్ని, ఆమె చెప్పనివి చాలా. రోగి పేజీలో రోగి సంగతే ఉండాలని నిబంధన. తుడిపేయాలా అని వేర్లె పూటంతా మథనపడింది. చివరికి ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

సమీక్ష రోజున కేంద్రం డాక్టర్ ఆర్నౌట్ ఆ పేజీలన్నీ ఓపికగా చదివాడు. ఈ ఇంట్లో సాకేదెవరు, సాకించుకునేదెవరని అడిగాడు. పూటకొకరని వేర్లె చెప్పింది. మార్చే మాట అక్కడితో ఆగింది. ఇర్మా స్నానానికి సాయంగా ఒక అమ్మాయిని పంపితే చాలనుకున్నారు.

వేర్లె సైకిలెక్కి వెళ్ళి కబురు చెప్పింది. ఇర్మా వానెస్ చేయి తట్టి, "ఆ వచ్చే పిల్లకు నా జబ్బులేమిటో చెప్పకండి. ఏం తింటానో చెబితే చాలు," అంది.

మర్నాడు వేర్లె ట్యాబ్ రాతలు తెరిచింది. గడులన్నీ నిండాయి. అడుగున, ఇతర విషయాలు అన్న చోట, వానెస్ ఇలా రాశాడు:

"ఇది చదివేవాళ్ళకు. నా జబ్బు పేరు పై వరుసలో ఉంది. అది చదవని మనిషి పేరు ఇర్మా. నా పేజీ తెరిచినప్పుడల్లా ఆమెను ఒకసారి తలుచుకోండి."