బీరువాలో జలపాతం

ఎలీనా జలపాతాలన్నీ వాళ్ళమ్మ బీరువాలోనే పుట్టాయి. నేరేడ్‌మెట్‌లో వాళ్ళింటి ముందు పొద్దస్తమానం బండ్ల మోత. అందుకని ఒక టూరిజం పేజీవాళ్ళు పంపే వీడియోలకు మాటలు చెప్పాల్సినప్పుడల్లా ఆ పిల్ల బీరువా తలుపు తీసి, చీరల మధ్యకు తల దూర్చి, ఫోను నోటి దగ్గర పెట్టుకునేది. కలరా ఉండల వాసనలో కళ్ళు మూసుకుంటే చాలు, పొగమంచు, తడిసిన ఆకులు, రాళ్ళమీద జారే నీళ్ళు అన్నీ వచ్చేసేవి. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివి చదివి తీపెక్కిన గొంతు అది. విన్నవాళ్ళు ఉన్నచోటే కాసేపు తేలిపోయేవారు.

చిక్కల్లా ఒక్కటే. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి ఒక్క జలపాతం కూడా చూడలేదు.

డిగ్రీ ఆఖరేడు టూరు ఎక్కడికన్న మాట రాగానే క్లాసంతా రీల్స్ ముందేసుకుని కూర్చుంది. గోవా అన్నారు, అరకు అన్నారు, బొమ్మ బొమ్మకీ మనసు మార్చుకున్నారు. పుట్టుకతో చూపులేని జెరెమియా మాత్రం ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు.

"ఎలీనా చెప్పిన అడవిల జలపాతం ఉంది కద, ఆడికి పోదాం," అన్నాడు. "నేను దాన్ని ఇరవైసార్లు విన్న. ఆమె పోయొచ్చింది, అందుకే గట్ల చెప్తది."

అందరూ ఎలీనా వైపు తిరిగారు. కాదనడానికి అర నిమిషం దొరికింది. ఆ అర నిమిషాన్నీ ఆమె నవ్వుతూ పోగొట్టుకుంది.

అప్పటినుంచి ఆ నవ్వు లోపల గుచ్చుకుంటూనే ఉంది. కళ్ళున్నవాళ్ళ సంగతి సరే, బొమ్మలు చూసుకున్నారు. జెరెమియా నమ్మింది ఒక్క తన గొంతునే. అదీ అబద్ధమని తేలితే అతని ముందు ఇంకెప్పుడైనా నోరు విప్పగలదా?

ఆగస్టు ముసురులో తెల్లవారుతూనే బస్సు బయలుదేరింది. జెరెమియా ఆమె పక్కనే కూర్చున్నాడు.

"ఒకటి అడుగుతా, ఏమనుకోకు. గా వీడియోల నువ్వు మస్తు మెల్లగ మాట్లాడినవ్. ఆడ నీళ్ళు తక్కువుంటయా ఏందీ?"

"ఆ, జెర తక్కువే," అంది ఎలీనా. కిటికీ అద్దం మీద వానచినుకులు జారుతుంటే దారంతా వాటినే చూస్తూ కూర్చుంది.

అడవి బాటలో అతని చెయ్యి తన భుజం మీద వేయించుకుని నడిచింది. చెట్లు దాటకముందే కాళ్ళకింద నేల అదిరింది, రైలొస్తుంటే ప్లాట్‌ఫారం అదిరినట్టు. మలుపు తిరగ్గానే ఎదురుగా కొండంత తెల్లదనం. తుంపర ఇద్దరి ముఖాలనూ తడిపేసింది.

జెరెమియా ఏదో అన్నాడు, వినబడలేదు. ఆమె చెవి దగ్గరికి వంగి అరిచాడు.

"ఎట్లుందో చెప్పు."

బీరువాలో కూర్చిన మాటలన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఒక్కటీ దీనికి సరిపోలేదు. మెల్లగా చెబితే ఇక్కడ వినబడదు కూడా. ఎలీనా గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, జన్మలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"జెరెమియా, నేను ఈడికి ఎన్నడూ రాలె. ఏ జలపాతమూ చూడలె. ఇదే ఫస్ట్ టైం."

క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. వాళ్ళలో హరికిషన్ చేతిలో సెల్ఫీ కర్ర అలాగే ఆగిపోయింది. ఎలీనాకు సిగ్గుతో ఏడుపొచ్చింది.

జెరెమియా ఆమె భుజం మీది చెయ్యి తీయలేదు. తుంపరలో తడుస్తూ నీళ్ళవైపు ముఖం పెట్టి, తనూ అంతే గట్టిగా అరిచాడు.

"నాకు సుత ఇదే ఫస్ట్ టైం."