తొక్కిన బాటిల్ చెల్లదు

సర్మి లోపల పెట్టిన బాటిల్‌ను, ఖాళీ బాటిళ్లకు డబ్బిచ్చే మిషన్ బయటికి ఉమ్మేసింది. ఎర్ర దీపం వెలిగింది. సర్మి దాన్ని తలగుడ్డ కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్ర దీపమే.

"ఏయ్ ముసలమ్మా, నలిగినవి తీసుకోదని ఎన్నిసార్లు చెప్పాలి? జరుగు, వెనక జనం ఉన్నారు," అన్నాడు సూపర్‌మార్కెట్ గార్డు.

"కొత్తదే నాయనా. నా కాలే కొంచెం తొందరపడింది."

వరసలో కారు తాళాలు పట్టుకుని నిలబడ్డావిడ నవ్వింది. గార్డు బూటుతో సర్మి గోతాన్ని మెట్ల మీంచి తోశాడు. అణిగిన బాటిళ్లు మెట్లన్నిటి మీదా చెల్లాచెదురయ్యాయి. వదిన సర్మితో పాటు వంగి వాటిని ఏరుతున్న తుమినాకు మిషన్ కడుపులోంచి పటపటమని చప్పుడు వినిపించింది. కారావిడ వేసిన బాటిల్‌ను అది లోపల నలిపేస్తోంది.

"వదినా, విన్నావా? అదీ తొక్కుతోంది."

"తొక్కితే తొక్కింది. దానికి కాళ్లు లేవుగా, అందుకే ఆ మర్యాద," అంది సర్మి.

జావా తీరంలోని ఆ రేవుపట్నంలో, నది ఒడ్డు గుడిసెల ఆడవాళ్లకు అది ఊపిరి తీసినంత అలవాటైన పని. మూత తిప్పడం, లేబుల్ చీల్చడం, మడమతో తొక్కడం. కబుర్లాడుతూ తొక్కుతారు, బిడ్డను చంకనేసుకుని తొక్కుతారు. తొక్కకపోతే గోతం నిండా గాలి మోయాలి. పాత సామాన్ల కొట్టువాడు ప్లాస్టిక్‌ను కాటా వేస్తాడు గానీ గాలిని కాదు గదా.

డిపాజిట్ చట్టం వచ్చిన రోజు పేటంతా పండగ చేసుకుంది. బాటిల్ కొన్నప్పుడు దాని మీద కొంత సొమ్ము కట్టాలి. ఖాళీది మిషన్‌లో వేస్తే ఆ సొమ్ము తిరిగొస్తుంది. ఎవరూ పారేయరు, పారేసినా ఏరినవాళ్ల కడుపు నిండుతుంది. ఆ మాట నమ్మి సర్మి పసుపన్నం వండి గడపగడపకూ పంచింది.

బాటిల్‌కు ధర రాగానే హోటళ్లు చెత్తడబ్బాలకు తాళాలు వేశాయి. స్టేషన్‌లో గార్డులే ఏరుకోసాగారు. సరుకు రాక కొట్టువాడు కొట్టు మూసేశాడు. వీళ్లకు మిగిలింది నది, కొనేవి ఊళ్లోని ఆ మిషన్లే. నదిలో దొరికే బాటిల్‌కేమో ఒళ్లంతా సొట్టలు, సగం వాటికి లేబుల్ ఉండదు, అది లేకపోతే మిషన్ గుర్తుపట్టదు. నదిని బాగుచేయడానికని పెట్టిన సొమ్ము, నదిలో దిగినవాళ్లకు తప్ప అందరికీ అందుతోంది.

వంతెన కింద టార్పాలిన్ పందిట్లో మీటింగు పెట్టుకున్నారు.

"పగలగొడదాం. మిషన్‌కో బండరాయి చాలు," అన్నాడు తోపుడుబండి కార్సో.

"పగలగొడితే నిన్ను లోపలేస్తారు, రేపు ఇంకోటి తెచ్చి పెడతారు," అంది విదురి. కాలేజీ పిల్ల, వాళ్ల సంఘానికి సాయంగా వస్తుంటుంది.

"నీకేం తల్లీ, నీ ఆకలి పుస్తకంలో ఉంటుంది. మాది పొయ్యి మీద ఉంది."

"పిల్ల మీద పడతావేం కార్సో?" సర్మి లేచింది. "బాటిల్ మీద డబ్బు పెట్టడం మంచిదే. ఆ డబ్బు మన గుమ్మం దాకా రావడం లేదు, అదే తప్పు. తొక్కినవాటిని కాటా వేసి తీసుకోమందాం. అందరం పోయి అడుగుదాం."

మిషన్ల కాంట్రాక్టరు హెర్మావన్ ఆఫీసుకు అందరూ పోయారు. వాళ్లను ఎండలో నిలబెట్టి, ఆయన నీడలో నిలబడి మాట్లాడాడు.

"డబ్బిచ్చాకే మిషన్ బాటిల్‌ను నలుపుతుంది. నలిగినదే తెస్తే, దానికి ఒకసారి డబ్బు ఇచ్చేశామో లేదో నాకెలా తెలుస్తుంది? మిమ్మల్ని దొంగలని అనట్లేదు. తొక్కకుండా తెండి, ఇస్తాను. కాళ్లు కాస్త అదుపులో పెట్టుకోండి."

"తొక్కనివి ఎంత చోటు తింటాయో తెలుసా అయ్యా?" అంది తుమినా. "ఒక గోతం సరుకు ఆరు గోతాలవుద్ది. ఎలా మొయ్యాలి?"

"అది మీరు చూసుకోవాలి."

తిరిగొస్తుంటే కార్సో మళ్లీ రాయి సంగతి ఎత్తాడు. సర్మి వినలేదు. "ఒక్కసారి ఆయన చెప్పినట్టే చేసి చూపిద్దాం. అప్పుడూ తీసుకోకపోతే తప్పెవరిదో ఊరే చూస్తుంది."

ఆడవాళ్లు తమ కాళ్లతో తామే పోట్లాడారు. మడమ లేచేది, పక్కావిడ గదిమేది. మర్నాటికి ఒక్కొక్కరి గోతం మనిషికంటే ఎత్తయింది. బిడ్డల్ని ఎత్తుకునే గుడ్డతో తుమినా వదిన వీపుకు గోతాన్ని కట్టింది.

"గట్టిగా కట్టవే, ఒక్కటి కూడా జారకూడదు," అంది సర్మి.

తుమినా మోకాలు ఆనించి మరీ ముడి బిగించింది.

పిట్టగోడ లేని వంతెన మధ్యలో వానగాలి లేచింది. బాటిళ్ల గోతానికి బరువెక్కడిది? గాలి దాన్ని తెరచాపలా పట్టుకుంది. సర్మి రెండడుగులు పక్కకు తూలింది. "తుమినా!" అని ఒక్క కేక వేసింది. పట్టుకోబోయిన తుమినా చేతికి తలగుడ్డ అంచు తగిలి జారిపోయింది.

గోతం మునగలేదు. నిండా గాలే కదా, నది మీద హాయిగా తేలింది. దాని కింద సర్మి బోర్లా ఉంది. కార్సో ఈది వెళ్లేసరికే ఊపిరి ఆగింది. ముడి విప్పడం అతని వల్ల కాలేదు, కత్తితో కోశాడు. ముడి జారి ఉంటే సర్మి ఆ గోతాన్నే పట్టుకుని తేలేది.

సాయంత్రం హెర్మావన్ మనిషి ఒకడు బియ్యం బస్తా, ఒక డబ్బు కవరు తెచ్చాడు. "అంత ఎవరు మోయమన్నారు? అత్యాశ," అన్నాడు చెప్పులు విప్పకుండానే. తుమినా బస్తానూ కవరునూ వాడి బండి మీదికే ఎత్తించింది.

సర్మిని మట్టిలో పెట్టిన మర్నాడు, పిలవకుండానే పేటంతా సూపర్‌మార్కెట్ ముందుకు కదిలింది. రేవు కూలీలు వచ్చారు. విదురి వెంట కాలేజీ పిల్లలు వచ్చారు. హోటల్ ఊడ్చే ఆడవాళ్లు తాళం పెట్టిన డబ్బాల్ని తాళాలతో సహా మోసుకొచ్చారు. కార్సో చేతిలో రాయి ఉంది. తుమినా దాన్ని తీసుకుని పక్కన పెట్టింది.

నదిలోంచి తీసిన గోతాన్ని మెట్ల మీద కుమ్మరించింది. ఒక బాటిల్ తీసింది. మూత తిప్పింది. లేబుల్ చీల్చింది. మడమ ఎత్తి తొక్కింది.

ఆ చప్పుడుకు గార్డు వెనక్కి గెంతాడు. రెండో మడమ పడింది, పదో మడమ పడింది, వీధంతా పేలినట్టయింది. ఎవరూ నినాదం ఇవ్వలేదు. ఏడుస్తూ తొక్కుతున్నారు.

"ఆపండి! అవి సొమ్ము! చెల్లకుండా పోతాయి!" అరిచాడు, పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చిన హెర్మావన్.

"చెల్లేలా చెయ్యి. కాటా తీసుకురా," అంది తుమినా. ఇంకోటి తొక్కింది.

పోలీసులు ఆమెను రెండు రెక్కలూ పట్టి వ్యాన్ దగ్గరికి ఈడ్చారు. కుర్ర పోలీసు ఒకడు ఆమె చేతులు వెనక్కి విరిచి కడుతుంటే, అంతదాకా బెదరని మనిషి ముడి వైపు తల తిప్పింది.

"గట్టిగా కట్టకు నాయనా," అంది. "ముడి జారేలా కట్టు."

వాడు అర్థం కాక ఆగాడు. తలుపు మూశారు. వ్యాన్ మలుపు తిరిగింది. వెనక చప్పుడు సన్నబడుతుంటే తుమినా తల గోడకు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

అంతలో ముందునుంచి మళ్లీ వినిపించింది. తర్వాతి వీధిలో, రెండో మిషన్ ముందు, ఎవరో తొక్కుతున్నారు.